పిండి కలపని చిక్కటి గ్రేవీ: తిరుపతిలో ఇచ్చిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. పొద్దున్నే నడక ముగించుకుని ఇంటికి కూడా పోకుండా నేరుగా ఇక్కడికొచ్చిన పెద్దవాళ్లు ముందు వరసలో ఉన్నారు, సంతోషం. వెనక నిలబడిన అక్కలు కూడా కూర్చోండి, కుర్చీలు ఉన్నాయి. ఫోటోలు తీసుకోవడం తర్వాత, ముందు వినండి.

ఈరోజు నన్ను మాట్లాడమన్నది గ్రేవీ గురించి. పిండి పదార్థం, అంటే కార్బోహైడ్రేట్, తక్కువ ఉండాలి, బియ్యం గోధుమ మొక్కజొన్న లాంటి ధాన్యం ఏదీ పడకూడదు, అయినా కూర నీళ్లనీళ్లగా కాకుండా చిక్కగా ఉండాలి, అది ఇంట్లో ఎట్లా చేసుకోవాలి అని. నేను చెప్పేది ఒకటే. మన చిత్తూరు వంటిళ్లలో అట్లాంటి గ్రేవీ ముందునుంచే ఉంది. మధ్యలో పిండ్లు వచ్చి చేరాయి. ఖర్చు తగ్గుతుందనో, తొందరగా అయిపోతుందనో, హోటల్లో తిన్నట్టు రావాలనో చేర్చుకున్నాం. వాటిని తీసేసి, తీసిన చోట మన సరుకే మళ్లీ పెట్టుకోవాలి.

షుగరు వచ్చిందనగానే ఇంట్లో అందరి కళ్లూ అన్నం మీదే పడతాయి. రెండు గరిటెలు పెట్టేచోట ఒకటే పెడతారు. కూర గిన్నె జోలికి ఎవరూ పోరు. ఒక్కసారి లెక్క చూద్దాం, నలుగురికి చేసే మామూలు మసాలా కూర. ఎర్రగడ్డలు పెద్దవి మూడు, అంటే 300 గ్రాములు అనుకోండి, అందులో 27 గ్రాముల పిండి పదార్థం. టమాటాలు 200 గ్రాములు, అందులో 8. చిక్కదనానికి గుప్పెడు వేయించిన పప్పులు, 30 గ్రాములేస్తే 17. కార్న్‌ఫ్లోరు రెండు పెద్ద స్పూన్లు, 14. నిమ్మకాయంత చింతపండు, 20 గ్రాములు, అందులో 12. చివర్లో చిన్న బెల్లం ముక్క, ఇంకో 9. అంతా కలిపితే 87 గ్రాములు, నలుగురికి పంచితే తలకు దాదాపు 22. వండిన అన్నం 80 గ్రాముల్లో ఉండేది కూడా దాదాపు ఇంతే. అంటే కష్టపడి పళ్లెంలోంచి తీసేసిన గరిటెడు అన్నం, కూర గిన్నెలోంచి తిరిగి వచ్చేసింది. మనం మాత్రం అన్నం తగ్గించాం కదా, షుగరు ఎందుకు తగ్గలేదని టెన్షన్ పడుతూ కూర్చుంటాం.

ఇక్కడ ఒక విషయం విడదీసి చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని కలిపేసుకుంటున్నారు. ధాన్యం లేకపోవడం వేరు, పిండి పదార్థం తక్కువ ఉండటం వేరు. శనగపిండి ధాన్యం కాదు, అది పప్పు. ఉర్లగడ్డ ధాన్యం కాదు, అది దుంప. రెండూ ధాన్యం లేని కూరలో పడొచ్చు, కానీ 100 గ్రాముల శనగపిండిలో దాదాపు 58 గ్రాముల పిండి పదార్థం ఉంది. వేయించిన పప్పులదీ అదే లెక్క. గోధుమ పడనివాళ్లకు శనగపిండి బాగానే ఉంటుంది, షుగరువాళ్లకు అది జవాబు కాదు. మీ ఇంట్లో ఎవరికి ఏది కావాలో తెలుసుకుని వండండి.

రాగి సంగతి అడుగుతారని తెలుసు. అడక్కముందే చెప్పేస్తాను. రాగి ధాన్యమే. మనకు సంకటి అంటే ప్రాణం, నాకూ అంతే, అందులో కాల్షియం ఉంది, పీచు ఉంది, పాలిష్ పట్టిన బియ్యం కంటే మేలే. కానీ 100 గ్రాముల రాగిపిండిలో 67 నుంచి 72 గ్రాముల దాకా పిండి పదార్థం ఉంటుంది, పైగా సంకట్లో బియ్యం కూడా వేస్తాం. రాగి కదా అని రెండు ముద్దలు లాగించి, కూర మాత్రం లో కార్బ్ చేశాం అంటే ఒళ్లు ఒప్పుకోదు.

సరే, చిక్కదనం అసలు ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం, అది తెలిస్తే మిగతాదంతా సులువు. మైదా గానీ కార్న్‌ఫ్లోరు గానీ నీళ్లలో కలిపి వేడిచేస్తే, దాంట్లో ఉండే స్టార్చ్ రవ్వలు 65, 70 డిగ్రీలు దాటేసరికి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, నీళ్లు కదలకుండా పట్టేసుకుంటాయి. అందుకే ఒక్క పొంగుకే చిక్కబడుతుంది. చెనిక్కాయలు (వేరుశనగలు), నూగులు (నువ్వులు), టెంకాయ చేసే పని వేరు. వాటిలో నూనె ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి, పీచు ఉంది. మెత్తగా నూరి నీళ్లలో ఉడికిస్తే నూనె సన్నటి బొట్లుగా విడిపోయి నీళ్లలో కలిసిపోతుంది, పీచు నీళ్లను పీలుస్తుంది. ఇది ఒక్క పొంగులో జరిగేది కాదు. సన్నటి సెగ, పదిహేను ఇరవై నిమిషాల ఓపిక కావాలి. పిండి మన వంటింట్లోకి వచ్చింది ఈ పదిహేను నిమిషాలు మిగుల్చుకోవడానికే.

చెనిక్కాయల గురించి మన జిల్లాకు ఎవరూ చెప్పక్కర్లేదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట, మన మెట్ట చేలల్లో ఇట్లా పాతుకుపోయింది. తిరుపతి వ్యవసాయ పరిశోధనా కేంద్రం నారాయణి, ధరణి లాంటి రకాలు ఇచ్చింది. కాయల మీద నల్లమచ్చలు తెచ్చే నులిపురుగు తెగులు 1970ల్లో మొదట కాళహస్తి వైపు కనిపించింది కాబట్టి శాస్త్రవేత్తలు దాన్ని కాళహస్తి తెగులనే పిలుస్తున్నారు. పంటతో పాటు దాని జబ్బులు కూడా మన ఊరి పేరు పెట్టుకునేంత దగ్గరితనం మనది. అట్లాంటి చోట ఉండి, కూర చిక్కబడాలంటే ప్యాకెట్లో తెల్లపిండి కొనుక్కోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అయితే గింజలు ఏరుకోవడంలో మాత్రం మొహమాటం వద్దు. కాయ పెరికే రోజుల్లో వానపడి తడిస్తే గింజకు బూజు వస్తుంది. ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీసే విషం, మనం వేయించే వేడికి పూర్తిగా పోదు. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, ఆకుపచ్చ బూజు కనిపించినవి ఏరి పారేయండి, ఆవుకు కూడా పెట్టకండి. వేయించాక ఒక గింజ నోట్లో వేసుకుని చూడండి, చేదు తగిలితే మొత్తం పరిచి మళ్లీ ఏరండి. పాతబడి కమురు వాసన కొట్టే గింజలతో ఎంత మసాలా వేసినా కూర బాగుండదు.

ఇప్పుడు చేసే పద్ధతి, నిదానంగా చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. నలుగురికి 50 గ్రాముల చెనిగ్గింజలు, రెండు పెద్ద స్పూన్ల నూగులు, 30 గ్రాముల పచ్చి టెంకాయ, ఎర్రగడ్డ ఒకటి, 100 గ్రాములు మించకుండా, టమాటాలు మధ్యరకం రెండు. అల్లం, తెల్లగడ్డలు, ధనియాలు, చెక్క, లవంగం, ఎండుమిరక్కాయలు మీ అలవాటు ప్రకారం. గింజలు మందపాటి మూకుట్లో సన్నసెగ మీద వేయించాలి, పెద్ద మంట పెడితే పైన మాడిపోతుంది, లోపల పచ్చిగా ఉంటుంది, ఆ పచ్చివాసన గ్రేవీ అంతా ఎక్కుతుంది. పొట్టు చిట్లి, గింజ చీలిస్తే లోపల లేత గోధుమరంగు కనిపిస్తే చాలు. దించి చల్లారనిచ్చి చేత్తో నలిపి పొట్టు చెరిగేయండి. కొంత పొట్టు ఉన్నా నష్టం లేదు, కాకపోతే రంగు ముదురుతుంది, కొద్దిగా వగరు వస్తుంది. నూగులు చిటపటలాడగానే దించేయాలి, అవి ఇంకో అర నిమిషం ఉంటే చేదెక్కుతాయి.

నూరేటప్పుడు అందరూ తొందరపడతారు. గింజలు వేడిగా ఉన్నప్పుడు మిక్సీలో వేసి ఆపకుండా తిప్పితే నూనె బయటికొచ్చి జారు గోడలకు ముద్దలా అతుక్కుంటుంది, మెత్తగా కాదు. చల్లారాక, ఆపి ఆపి తిప్పండి, ముందు పొడిగా. తర్వాత టెంకాయ వేసి, గోరువెచ్చని నీళ్లు రెండు మూడు స్పూన్ల చొప్పున పోస్తూ తిప్పండి. రెండు వేళ్ల మధ్య రుద్దితే పలుకు తగలకూడదు. పలుకు తగిలితే ఊరుబిండి లాంటి పచ్చడికి పనికొస్తుంది, గ్రేవీకి పనికిరాదు, ఎందుకంటే ముతక గింజ నీళ్లలో కలవదు, అడుక్కు దిగుతుంది. మన అమ్మలు రోట్లో గంట నూరింది ఈ మెత్తదనం కోసమే. ఇంట్లో రోలుంటే ఇంకా మంచిది.

గానుగ నూనె రెండు స్పూన్లు చాలు, ముద్దలో ఎట్లాగూ నూనె ఉంది. ఎర్రగడ్డ సన్నగా తరిగి కొంచెం ఉప్పువేసి బాగా మగ్గించండి, అల్లం తెల్లగడ్డ ముద్ద, ఆపైన టమాటాలు. టమాటా నీరు ఇంకి, ముక్క కనపడకుండా కరిగాక నూరిన ముద్ద వేసి రెండు మూడు నిమిషాలు కలుపుతూ ఉండండి, అడుగంటే గుణం దీనికి ఎక్కువ. వేడినీళ్లు రెండు గ్లాసులు పోసి సన్నసెగ మీద మూత ఓరగా పెట్టి వదిలేయండి. చల్లనీళ్లు పోయొద్దు. ఐదు నిమిషాలకు చూస్తే పలచగా ఉంది, కుదర్లేదు అనిపిస్తుంది, అప్పుడే పిండి డబ్బా వైపు చెయ్యి పోతుంది. ఆగండి. పదో నిమిషం నుంచి చిక్కబడటం మొదలై, పదిహేను దాటాక అంచుల్లో నూనె తేలుతుంది. నూనె మరీ ఎక్కువగా విడిపోయి ముద్ద ఒకవైపు నూనె ఒకవైపు అయిందంటే నీళ్లు అయిపోయాయని అర్థం, చిన్న గరిటెడు వేడినీళ్లు పోసి బాగా కలపండి, మళ్లీ కలిసిపోతుంది. పారబోయాల్సిన పనేం లేదు. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది కాబట్టి మీకు కావాల్సిన దానికంటే కాస్త పలచగా ఉన్నప్పుడే దించండి.

ఇందులో గుత్తి వంకాయ వేస్తారా, ఉడికించిన గుడ్లా, పనీరా, పుట్టగొడుగులా, మీ ఇష్టం. గ్రేవీ వరకు పిండి పదార్థం మొత్తం 32 గ్రాముల లోపే, తలకు 8, అందులో 3 గ్రాములు పీచే. ఇందాకటి 22 పక్కన పెట్టి చూడండి.

ఆ అమ్మ ఏదో అడుగుతున్నారు, మైకు ఇవ్వండి. పులుపు సంగతా? మంచి మాట అడిగారు. చింతపండు గుజ్జులో 100 గ్రాములకు 60 గ్రాములు పైనే పిండి పదార్థం, అందులో ఎక్కువ భాగం చక్కెరే, పుల్లగా ఉంటుంది కాబట్టి మనకు తెలియదు. మానేయమనను, చింతపండు లేని పులుసును నేనూ ఊహించలేను. 5 గ్రాములకు తగ్గించి, మిగతా పులుపు టమాటాతో తెచ్చుకోండి, లేదంటే దించాక నిమ్మకాయ పిండండి. చింతచిగురు దొరికే రోజుల్లో అయితే పండుతో పనే లేదు, మాంసంలో చింతచిగురు రుచి మీకు నేను చెప్పాలా. పులుపు తగ్గితే బెల్లం అవసరం కూడా తగ్గిపోతుంది.

నాటుకోడి వండేవాళ్లకు ఇంకా తక్కువ పని. నాటుకోడి కీళ్లలో, చర్మంలో, ఎముకల దగ్గర ఉండే కొల్లాజెన్ అనే మాంసకృత్తు నిదానంగా ఉడికితే జెలటిన్‌గా మారి నీళ్లలో దిగుతుంది. రాత్రి మిగిలిన పులుసు ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి గడ్డకడుతుంది కదా, అదే. కాళ్ల పులుసులో ఇంకా ఎక్కువ. ఆ చిక్కదనంలో పిండి పదార్థం అసలుండదు. కాబట్టి నాటుకోడికి పప్పులు టెంకాయ గుప్పెడు గుప్పెడు నూరి పోయక్కర్లేదు, కాస్త గసాలు, కాస్త టెంకాయ చాలు, మిగతాది కోడే చూసుకుంటుంది. బ్రాయిలర్ కోడి అంతసేపు ఉడికితే విడిపోతుంది, దానికి ఇది కుదరదు.

మాంసం తిననివాళ్లు, నూనెగింజలు అంతగా పడనివాళ్లు కూడా ఉంటారు. వాళ్లకు బీరకాయ, బూడిద గుమ్మడి, సొరకాయ. చెక్కు తీసి ఉడికించి, నీళ్లు పిండేసి మిక్సీలో వేస్తే తెల్లటి గుజ్జు వస్తుంది, సగం ఎర్రగడ్డ తీసేసి దాని బదులు ఇది వాడండి. 100 గ్రాములకు పిండి పదార్థం మూడు నాలుగు గ్రాములే. రుచి చప్పగానే ఉంటుంది, దాని పని చిక్కదనం వరకే, రుచి తాలింపులో తెచ్చుకోవాలి. జీడిపప్పు గురించి అడిగేవాళ్లకు, అది ధాన్యం కాదు, గ్రేవీ అద్భుతంగా వస్తుంది, కానీ 100 గ్రాములకు 30 గ్రాములు పిండి పదార్థం, పీచు చాలా తక్కువ. బాదం దానికంటే మేలు.

మజ్జిగ పులుసులో శనగపిండి వేసేది పెరుగు విరక్కుండా ఉండటానికి. పిండి లేకుండా కావాలంటే చిక్కటి పెరుగు, మీగడతో సహా, నీళ్లు తక్కువ పోసి బాగా చిలకండి. పచ్చిమిరక్కాయ, జీలకర్ర, అల్లం, టెంకాయ మెత్తగా నూరి అందులో కలపండి. ముక్కలు ఉడికాక మంట ఆపి, ఆవిరి కాస్త తగ్గనిచ్చి అప్పుడు పెరుగు పోసి, సన్నసెగ మీద కలుపుతూనే ఉండి, అంచుల్లో నురుగు రాగానే, పొంగు రాకముందే దించేయాలి. ఉప్పు దించాక వేయండి. తిరిగి వేడిచేస్తే విరుగుతుంది, ఏ పూటకాపూట చేసుకోండి.

ఈ మధ్య ఆన్‌లైన్‌లో క్సాంథన్ గమ్, గ్వార్ గమ్ అమ్ముతున్నారు, వాడొచ్చా అంటున్నారు. వాడొచ్చు. గ్వార్ అంటే మన గోరుచిక్కుడే, దాని గింజ లోంచి తీసిన జిగురు. క్సాంథన్ గమ్ ఒక రకం బ్యాక్టీరియాతో చక్కెరను పులియబెట్టి తీస్తారు. రెండు కప్పుల గ్రేవీకి పావు టీస్పూన్ మించకూడదు, నేరుగా చల్లితే ఉండ కడుతుంది, ముందు స్పూను నూనెలో కలిపి పోయాలి. ఎక్కువైతే బెండకాయ జిగురులాగా సాగుతుంది, తినలేం. కొందరికి కడుపు ఉబ్బరం కూడా. ఇంట్లో చెనిక్కాయలు పడనివాళ్లుంటే, అలర్జీ ఉంటే దీనికి విలువుంది. లేనివాళ్లు ఆ డబ్బులు పెట్టి మంచి నూగులు కొనుక్కోండి.

దాక్కున్న పిండి గురించి కూడా చెప్పాలి. ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చదవండి. మనకు దొరికే ఇంగువ చాలావరకు కలిపిన ఇంగువే, జిగురుతో పాటు గోధుమపిండో మైదానో, కొన్నిట్లో బియ్యప్పిండో ఉంటుంది. చిటికెడే కాబట్టి షుగరువాళ్లకు లెక్కలోకి రాదు, గోధుమ అస్సలు పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఆ చిటికెడే చాలు. సాంబారు పొడుల్లో పప్పులు ఎట్లాగూ ఉంటాయి. గ్రేవీ మిక్స్, సూప్ ప్యాకెట్లలో కార్న్‌ఫ్లోరు, మాల్టోడెక్స్‌ట్రిన్ చూసుకోండి, రెండోది కూడా పిండి పదార్థమే, పేరు తీపిగా వినపడదు అంతే.

ఒక జాగ్రత్త, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చేతులెత్తి అడుగుతున్నాను. షుగరుకు మాత్రలు వేసుకునేవాళ్లు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, అన్నం, కూరలో పిండి అన్నీ ఒకేసారి తగ్గించేస్తే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి, చెమటలు పడతాయి. మందు మోతాదు మార్చాల్సి రావచ్చు, అది డాక్టరు మార్చాలి, మీరు కాదు, పక్కింటివాళ్లు అసలే కాదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు గింజలు ఎంత తినొచ్చో అడిగే తినండి. బరువు తగ్గాలనుకునేవాళ్లకు కూడా ఒక మాట, 50 గ్రాముల చెనిక్కాయల్లో దాదాపు 280 క్యాలరీలు ఉన్నాయి, పిండి తక్కువ కదా అని గ్రేవీ గిన్నెలతో తాగకండి.

నూరిన ముద్ద నీళ్లు కలపకుండా ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది. ఐస్ ట్రేలో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుంటే నెల దాకా, ఉద్యోగాలకు పోయే అమ్మాయిలకు ఇదే సుఖం. టెంకాయ వేసిన ముద్ద మాత్రం తొందరగా పాడవుతుంది, దాన్ని ఆ పూట కలుపుకోండి.

ఆఖరు ప్రశ్న, ఆ మూల నుంచి అన్న చెయ్యెత్తారు. గల్ఫ్‌లో ఉన్న కొడుక్కి ఈ మసాలా పొడి చేసి పంపొచ్చా అంటున్నారు. పంపండి అన్నా, కానీ మీ ఇంట్లో గసాలు వేసే అలవాటుంటే అవి మాత్రం లేకుండా. యూఏఈ, సౌదీ లాంటి దేశాల్లో గసగసాలు నిషేధం, అవి నల్లమందు మొక్క గింజలు, పొడిలో కలిసి ఉన్నా విమానాశ్రయంలో పట్టుకుంటారు, కేసు పెడతారు. మన పిల్లలకు ఆ కష్టం వద్దు. గసాల బదులు నూగులు రెట్టింపు వేయండి, చెనిగ్గింజలు బాగా వేయించి, తడి తగలకుండా పొడికొట్టి, గాలిపోని ప్యాకెట్లో కట్టండి. అక్కడ అబ్బాయి వేడినీళ్లు పోసి ఇరవై నిమిషాలు ఉడికించుకుంటే సరిపోతుంది. పొయ్యి వెలిగించారు, రండి, గింజలు వేయించడం దగ్గరుండి చూద్దురు.